గోపురం అంచు చీర

మా అత్త చౌడమ్మ వేలూరు చూడాలని అందంటే వీధిలో ఎవరూ నమ్మలేదు. నేనైతే అసలే నమ్మలేదు. ఆమె పుట్టింది గుడియాత్తంలో మా మగ్గాల వీధిలోనే, మెట్టిందీ ఆ వీధిలోనే, నాలుగిళ్ళ అవతల. పేర్ణాంబట్టులో సొంత చెల్లెలి కూతురి పెళ్ళికే "నేనొస్తే మగ్గం ఎవరు చూస్తారు?" అని ఎగ్గొట్టిన మనిషి. అలాంటిది ఒకనాడు మగ్గం మీద నాడె ఆపి, "అమరావతీ, వచ్చే అమావాస్యకు మనిద్దరం వేలూరు పోయొస్తాం. కోట చూడాల," అంది. నా చేతిలో నూలు కండె జారి మగ్గం గుంటలో పడింది. జర్మనీ యుద్ధం ఇంకా మొదలుకాని రోజుల మాట ఇది.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే మీకూ నాలాగే దిమ్మ తిరుగుతుంది. అంతకు ముందు ఏడు నాకు తొలికాన్పు అయింది. బిడ్డ దక్కలేదు. ఆ వెంటనే బాలింత జ్వరం వచ్చి నేనూ పోయేదాన్నే. వైద్యుడు చేతులెత్తేశాడు. అప్పుడు అత్త దీపం ముందు కూర్చుని, "వేలూరు కోటలో ఉండే అమ్మా, ఈ పిల్ల బతికితే నా చేత్తో నేసిన చీర తెచ్చి నీకు కట్టిస్తా," అని మనసులోనే మొక్కుకుంది. మా ఇంటి దేవత చౌడేశ్వరి ఉండగా వేలూరు అమ్మ ఎందుకంటే, దానికి కారణం మా అంచు. మా మామ తండ్రి కాలం నుంచీ మా ఇంట్లో నేసేది గోపురం అంచు. అది వేలూరు కోట గోపురమేనని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. బతుకంతా చేత్తో నేసిన గోపురం కింద ఉన్న తల్లి తన మాట వినకుండా పోతుందా అని అత్త నమ్మకం.

మొక్కు తీరేదాకా నోరు విప్పకూడదు, విప్పితే బలం పోతుంది. మొక్కిన బట్ట ఒకసారి గడప దాటితే మళ్ళీ ఇంట్లోకి రాకూడదు. ఇవి మా వాళ్ళ కట్టుబాట్లు. అందుకే అత్త ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా. ఆమె చంకలో మూట చూసి చద్దిమూట అనుకున్నాను.

మేము అమావాస్యనాడు మగ్గం ఎక్కం. కాబట్టి పని చెడదు. ఖర్చు సంగతి అత్త ముందే తేల్చేసింది. "డబ్బులడిగే చోటికి మనం పోయేది లేదు. ఊరు చూసేదానికి కండ్లుండాయి, కాళ్ళుండాయి. ఇంకేం కావాల?" పులుసన్నం ఆకులో కట్టుకున్నాం, ఒక చెంబు పట్టుకున్నాం. స్టేషనుకు నడక, కాట్పాడిదాకా రైలు, అక్కడినుంచి మళ్ళీ నడక. జట్కావాడు వెంటబడితే "నీ గుర్రం కంటే నా కోడలే గట్టిగా ఉండాది, పో నాయనా," అంది. జ్వరం నుంచి లేచిన నన్ను పట్టుకుని ఆ మాట! సిగ్గుతో చచ్చాను.

పాలారు దగ్గరికి వచ్చేసరికి మొదటి దెబ్బ. ఇంత వెడల్పు ఏరు, చుక్క నీళ్ళు లేవు. అత్త ఇసుకలో చెంబు పట్టుకుని నిలబడిపోయింది.

"ఇదేమి ఏరే? ఇంతమంది దీని పేరు చెప్పుకుంటారే!"

"ఎండకాలం కదత్తా."

"ఎండకాలమైతే మాత్రం! ముఖం కడుక్కునేదానికైనా ఉండొద్దా?"

చెలమలో నీళ్ళు తోడుకుని ముందుకు పోయాం. కోట దగ్గర రెండో దెబ్బ. చుట్టూ అగడ్త, దాని నిండా పచ్చటి నీళ్ళు. "ఏట్లో లేని నీళ్ళన్నీ ఈడ దాచిపెట్టినారు దొంగముండాకొడుకులు!" అని అత్త గట్టిగా అనేసింది. నేను కొంగుతో ఆమె నోరు మూశాను. ఎదురుగా పోలీసు నిలబడి ఉన్నాడు. ఆమె ఊరుకుంటేనా? తిన్నగా వాడి దగ్గరికే పోయి, "ఏమప్పా, రాజు యాడుంటాడు?" అని అడిగింది. వాడు మీసాలు ఊగేటట్టు నవ్వాడు. "రాజు యాడుండాడమ్మా? ఎప్పుడో పోయినాడు. ఇప్పుడు దొరల కచ్చేరీలే." ఇంత కోట కట్టుకుని రాజు లేకపోవడమేమిటని ఇద్దరికీ అయోమయంగానే ఉండింది.

కానీ గోపురం కనబడగానే అవన్నీ మరిచిపోయింది. మెడ వెనక్కు వంచి, వేలు గాలిలో తిప్పుతూ కిందినుంచి పైదాకా చూసింది. మగ్గం మీద అంచు పోగులు సరిచూసేటప్పుడు ఎలా చూస్తుందో అలాగే.

"మా మామ ఒక అంతస్తు తగ్గించేసినాడు చూడే! ముసలోడు ఇన్నేండ్లు మోసం చేసినాడు!" అంది. తిట్టు తిట్టే గానీ కళ్ళలో నీళ్ళు. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

వాకిట్లో టెంకాయల అంగడి లేదు, పూలమ్మే మనిషి లేదు, చెప్పులు కాచేవాడు లేడు. మంచిదే, ఖర్చు తప్పింది అనుకున్నాం. అప్పుడే అనుమానం రావలసింది! పిసినారితనం కళ్ళు మూసేసింది. లోపలి మంటపంలో రాతి స్తంభాల మీద గుర్రాలు, మనుషులు లేచి వస్తున్నట్టున్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే అత్త నన్ను దాటి గర్భగుడి వైపు గబగబా నడిచింది. నేను పరుగెత్తేసరికి మూట విప్పింది. చద్ది కాదు. పసుపు చీర, ఎర్ర గోపురం అంచు. ఇంట్లో నా కంటబడకుండా ఎప్పుడు నేసిందో తల్లి!

"పూజారయ్యా! అయ్యా! అమ్మకు చీర తెచ్చినాము!"

గబ్బిలాలు లేచాయి. దీపం లేదు. కర్పూరం వాసన లేదు. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక చూస్తే ఉత్త గోడ, ఉత్త నేల. అత్త చీర రెండు చేతులా పట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఏలుమలై అనే కావలి మనిషి వచ్చాడు, చేతిలో చీపురుతో. "ఎవరమ్మా అరిచేది? ఉళ్ళ సామి ఇల్లమ్మా. లోపల సామి లేడు."

"లేకపోతే యాడికి పోయినాడు?"

"అదెప్పటి మాటో. మా తాత పుట్టకముందే తీసేసినారు. తురకలు, దొరలు, ఎన్ని యుద్ధాలో ఈ కోటలో. లింగం సత్తువాచారిలో పెట్టినారంటారు."

"అమ్మ?"

"అమ్మ సంగతి నాకు తెలీదు." ఆయన జాలిగా చూశాడు. "ఈ ఊరి మాట మీరు వినలేదా? నీళ్ళు లేని ఏరు, రాజు లేని కోట, సామి లేని కోయిలు. చిన్న బిడ్డలు కూడా చెబుతారే!"

మేము వినలేదు. ఎవరినైనా ఒక్కమాట అడిగి ఉంటే చెప్పేవాళ్ళే. కానీ మొక్కు నోరు కట్టేసింది కదా. అత్త అక్కడే కూలబడింది. అప్పుడు చెప్పింది నాకు, జ్వరం, దీపం, మొక్కు, అంతా. నా ప్రాణానికి బదులుగా మొక్కిన చీర అది, పుచ్చుకునే దిక్కు లేదు. తిరిగి ఇంటికి తీసుకుపోకూడదు. మొక్కు చెల్లకపోతే వచ్చిన జ్వరం మళ్ళీ రాదని ఎవరు చెప్పగలరు? నిజంగానే భయపడ్డాను.

"ఈ గుమ్మంలో పెట్టి పోదాం అత్తా," అన్నాను.

"గబ్బిలాలకా?" అని లేచింది. "నేను ఈడికి మొక్కితిని. ఈడ ఎవురూ లేరు. మరి ఎవురు విన్నారే? నిన్ను బతికించిందెవురు?"

అత్త చీర మడిచి మళ్ళీ మూట కట్టింది. పులుసన్నం అగడ్త గట్టుమీద తిన్నాం. బజారు చూడలేదు, కొండమీది కోట చూడలేదు. వచ్చిన దారినే నడిచాం.

రైల్లో అత్త ఒడిలో మూట పెట్టుకుని, "ఆ జ్వరం రోజుల్లో నీ పక్కన ఎవురుండిరి?" అంది.

"నువ్వే కదత్తా."

"నేను దీపం ముందర ఉంటి. నీ పక్కన?"

తలచుకుంటే తడిగుడ్డ గుర్తొచ్చింది. నుదుటి మీద ఒక గరుకు చెయ్యి. చేదు కషాయం మింగలేక ఉమ్మేస్తే, "ఇంకొక్క గుక్క, నా తల్లి కదా," అనే గొంతు. మంత్రసాని కాళియమ్మ. మా ఊరి కౌండిన్య ఏటి అవతల, అంటరానివాళ్ళ పాలెంలో ఆమె గుడిసె. బిడ్డ పోయాక ఆమె పని అయిపోయినట్టే, అయినా మా ఇంటికి వస్తూనే ఉండింది. ఆమె నడిచిన చోటల్లా మైల అని వీధిలోవాళ్ళు నీళ్ళు చల్లించుకుంటుంటే చూసీ చూడనట్టు ఉండేది. కాన్పు చేసిన మంత్రసానికి చీర పెట్టడం మా ఆచారం, కానీ బిడ్డ దక్కితేనే. నా బిడ్డ దక్కలేదు, చీర పెట్టలేదు. ఆమె అడగలేదు, మేము ఆ మాట ఎత్తలేదు.

"కాళియమ్మ," అన్నాను.

అత్త కిటికీ వైపు తిరిగింది.

స్టేషనునుంచి వస్తూ ఏటి దగ్గర మా వీధివైపు తిరగాలి. అత్త పాలెంవైపు తిరిగింది. మా వీధి ఆడది ఆ పాలెంలో కాలు పెట్టడం నా ఎరుకలో లేదు. "అత్తా, వద్దు! వెలేస్తారు!" అని కొంగు పట్టుకున్నాను. విడిపించుకుని పోయింది.

కాళియమ్మ వాకిట్లో పొయ్యి ఊదుతోంది. మమ్మల్ని చూసి ఉలిక్కిపడి లేచింది. "ఏమాయె తల్లీ? ఎవురికి కాన్పు?"

అత్త మూట విప్పి చీర ఆమె చేతిలో పెట్టింది. పసుపు చూసి, అంచు చూసి, కాళియమ్మకు అర్థమైపోయింది. నిప్పును పట్టుకున్నట్టు చీరను దూరంగా పట్టుకుంది. "ఇది మొక్కు చీర! సామికి పెట్టేది! నాకొద్దు తల్లీ, కండ్లు పోతాయి!"

"సామి కోసరమే పోతిని," అంది అత్త. "ఆయమ్మ ఇంట్లో లేదు. ఆ పొద్దు నువ్వుంటివి."

కాళియమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అత్త మాత్రం, "పొయ్యి ఆరిపోతాది, చూడు," అని వెనక్కు తిరిగింది.

వీధి నానా రభస చేసింది. పెద్దలు వచ్చి నిలదీశారు. అత్త మగ్గం మీదినుంచి దిగకుండానే జవాబు చెప్పింది. "వేలూరు పోయి చూసిరాండి. పెద్ద ఖర్చేమీ లేదు."