శుక్రవారం ఆగిపోయే మోటారు సైకిలు

మొన్న మా మనవరాలు ఉద్యోగానికి వెళ్లి రావడానికి కొత్త మోపెడ్ కొనుక్కుని వచ్చి వాకిట్లో నిలబెట్టింది. మా ఆవిడ పసుపు కుంకుమల గిన్నెలు పట్టుకెళ్లి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, బొట్టు ఎక్కడ పెడితే బావుంటుందా అని చూసుకుని పెట్రోలు మూత వైపు వేలు చాపిందో లేదో, మోకాళ్ల నొప్పులతో మూడేళ్లుగా కుర్చీ వదలని నేను చటుక్కున లేచి, అక్కడ కాదు, అక్కడ కాదు అని వీధి చివరికి వినపడేలా కేక పెట్టాను. అందరూ హడలిపోయారు. తాతయ్యకి మతి తప్పిందని మనవరాలు అనుకునే ఉంటుంది. ఆ కేక వెనక ఎంత కథ ఉందో నా ఈడు వాళ్లకి చెబితేనే తెలుస్తుంది, ఎందుకంటే మోటారు సైకిలు చప్పుడు వినపడితే విస్తరి ముందు నుంచి ఎంగిలి చేత్తోనే వీధిలోకి పరుగెత్తిన వాళ్లం మనమే కదా.

పంతొమ్మిది వందల ముప్ఫైల నాటి మాట. తాడేపల్లిగూడెంలో పశువుల డాక్టరుగా కొత్తగా చేరాను. పెళ్లి కాలేదు, నాన్నగారు అప్పటికే లేరు, అమ్మ నా దగ్గరే ఉండేది. ఇవాళ పెంటపాడులో ఎద్దుకి బాగా లేదంటే, రేపు నల్లజర్లలో గేదె మేత ముట్టడం లేదనేవారు. సైకిలు తొక్కలేక నేనే మేత ముట్టని స్థితికి వచ్చాను. అప్పుడు మా బావగారు, అంటే అక్క భర్త, తన చిన్న మోటారు సైకిలు నన్ను తీసుకోమన్నారు. ఆయన ఏలూరులో కాలవల ఓవర్సీరు. ఊరు విడిచి పోతున్న ఒక దొర దగ్గర ఆ బండి కొని మూడేళ్లు కాలవ గట్ల మీద తిప్పారు. ఇప్పుడు ఆఫీసులో కూర్చునే పని పడింది. ఒక్కనాడూ దారిలో ఆగలేదురా అని ఆయన చెప్పారు. బంధువుల దగ్గర బేరం ఏమిటని నేనూ మారు మాట్లాడకుండా కొనేశాను.

అమ్మ దాన్ని చూసి మొదట భయపడింది, తరవాత మురిసిపోయింది. ప్రతి శుక్రవారం తలంటుకుని, గడపకి పసుపు రాసి, ఆ చేత్తోనే బండికీ బొట్లు పెట్టేది. నా బిడ్డని భద్రంగా తీసుకెళ్లి తీసుకురా నాయనా అని దానితో మాట్లాడేది కూడాను. నాకు నవ్వొచ్చేది, కాని బావుండేది.

రెండు మూడు వారాలు గడిచాయో లేదో, బండి ఆగడం మొదలుపెట్టింది. ఊరు దాటి నాలుగైదు మైళ్లు చక్కగా పోయేది, తరవాత గొంతు పట్టుకున్నట్టు దగ్గి ఠక్కున ఆగేది. ప్లగ్గు విప్పి తుడిచేవాణ్ణి, వైర్లు కదిపేవాణ్ణి, తిట్టేవాణ్ణి. పొద్దున్నే నిండా పెట్రోలు పోసిన బండికి మూత తీసి చూడవలసిన పని ఏముందని దాని జోలికి మాత్రం పోలేదు. చివరికి ఎవరిదో ఎడ్లబండి వెనక కట్టి రైసుమిల్లు ఇంజను డ్రైవరు దగ్గరికి చేరిస్తే, ఆయన ముందుగా పెట్రోలు మూత తీసి లోపలికి తొంగి చూసి, మళ్లీ బిగించి ఒక్క తన్ను తన్నేవాడు. బండి బుద్ధిగా మోగేది. "బండికేం లేదండి బాబూ, మీకే కిటుకు తెలీదు" అనేవాడు. ఆ పరాభవం పగవాడికి కూడా వద్దు.

అలా ఎన్నిసార్లో! అదీ శుక్రవారమో శనివారమో తప్ప మిగతా రోజుల్లో మహా పెద్దమనిషిలా నడిచేది. బండికి దిష్టి తగిలిందని అమ్మ పసుపు ఇంకాస్త దట్టంగా పెట్టడం మొదలుపెట్టింది.

ఒక శనివారం బండి మళ్లీ ఆగి మిల్లు దగ్గర ఉండగా బావగారు స్వయంగా రైలెక్కి చూడటానికి వచ్చారు. ఆయనా ముందు మూత తీసి చూసుకుని, పెంటపాడు దారిలో ఒక మైలు వెళ్లి గాలిలా తిరిగొచ్చారు. మిల్లు దగ్గరి జనం నా మొహం చూసి కిసుక్కుమన్నారు. ఉక్రోషం పట్టలేకపోయాను. "పాడైందని తెలిసే నాకు అంటగట్టారు బావగారూ" అని నలుగురిలో అనేశాను. ఆయన భుజం మీద కండువా సర్దుకుని స్టేషను వైపు నడిచారు.

అక్కకి అప్పుడు తొలిచూలు. ఏడో నెల రాగానే పురిటికి తెచ్చుకోవాలని అమ్మ గదికి సున్నం వేయించి, పాత చీరలు మెత్తగా ఉతికి దాచి ఉంచింది. నాలుగో రోజున అక్క దగ్గర నుంచి కార్డు వచ్చింది. ఆయన్ని దొంగని చేసినవాడి గుమ్మం తొక్కను, పురుడు ఏలూరులోనే పోసుకుంటానని రాసింది. అమ్మ ఆ గది తలుపు దగ్గరికి లాగి, గొళ్లెం పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకు ప్రాణం చచ్చిపోయింది. అయినా తప్పు ఆయనదే కదా, నేనెందుకు దిగిరావాలని బింకం.

నెల తిరక్కుండా ఒక శుక్రవారం కొల్లేరు ఒడ్డున గేదెలకి జబ్బు చేసిందని కబురొస్తే తెల్లవారగానే బయలుదేరాను. దారిలో రెండుసార్లు ఆగి, చాలాసేపు నిలబెట్టాక మళ్లీ కదిలింది. ఏలూరులో బావగారి వీధి మొగలో తల వంచుకుని దాటాను. కొల్లేటి గట్టు మీదకి వచ్చాక మూడోసారి ఆగి, ఇక కదలనంది. కనుచూపు మేర కిక్కిస పొదలు, నీళ్లు, పిట్టలు. రేవులో దోనె కట్టేసుకుని ఒక పల్లెకారు పెద్దాయన కిరసనాయిలు డబ్బాలోంచి లాంతరులోకి నూనె వంచుతున్నాడు. డబ్బాకి ఒకటే చిల్లు. నూనె రెండు గుక్కలు దిగి ఆగిపోయింది. ఆయన దబ్బనం తీసుకుని డబ్బా పైన ఇంకో చిల్లు పొడిచాడు. ధార సన్నగా, నిలకడగా దిగింది.

నేను అలాగే చూస్తుండిపోయాను. "ఏవండీ డాక్టరు గారూ, అలా చూత్తన్నారు? గాలి ఆడకపోతే నూనె ఎలా దిగుద్దండి?" అన్నాడాయన, నా మందుల సంచీ చూసి పోల్చుకుని.

ఒక్క పరుగున బండి దగ్గరికి వెళ్లాను. పెట్రోలు మూత నడి మధ్యన, గాలి పోవడానికి ఉన్న సూదిమొనంత కన్నం మీద, అమ్మ పొద్దున పెట్టిన పసుపు ముద్ద, దాని మీద కుంకుమ. ఆ పెద్దాయన దబ్బనమే అడిగి పుచ్చుకుని పొడిస్తే లోపలికి గాలి బుస్సున పోయింది. తన్నగానే బండి మోగింది. మూత తీసిన ప్రతివాడికీ బండి ఎందుకు లొంగిందో, రెండు రోజులకి పసుపు ఎండి రాలిపోయాక జబ్బు ఎందుకు మాయమయ్యేదో అప్పుడు తెలిసింది. గట్టు మీద చతికిలబడి నవ్వాను, ఏడ్చాను కూడా. బావగారు నన్ను మోసం చెయ్యలేదు! ఆ ఒక్క సంగతికి గుండెల మీద నుంచి బండరాయి దొర్లినట్టు అనిపించింది.

గేదెలకి మందులిచ్చి తిన్నగా ఏలూరు వెళ్లాను. బావగారు అరుగు మీద ఉన్నారు. కాళ్లు పట్టుకోబోతే లాగేసుకున్నారు. సంగతంతా చెప్పాను. ఆయన నవ్వారు చూడండీ, దగ్గు వచ్చి కళ్ల నీళ్లు తిరిగేదాకా నవ్వారు. గుమ్మం వెనక నుంచి వింటున్న అక్క బయటికొచ్చి, నిండు పొట్టతో నిలబడి నన్ను తిట్టవలసినవన్నీ తిట్టి, అన్నం తిన్నావా అని అడిగింది. అప్పుడు బావగారు గొంతు తగ్గించి, "అత్తయ్యగారికి మాత్రం చెప్పకురా, తట్టుకోలేరు" అన్నారు.

ఆ ఆదివారమే అక్కని తీసుకుని ఆయన మా ఇంటికి వచ్చారు. అమ్మ ఎదుట ఏదో మర విప్పి బిగించినట్టు నటించి, హెడ్‌లైటు చూపించి, బండికి మొహం ఇదండీ, బొట్టు ఇక్కడే పెట్టాలండీ అన్నారు. అమ్మ భక్తిగా ఒప్పుకుంది. గది గొళ్లెం తీసింది. మేనల్లుడు ఆ గదిలోనే పుట్టాడు.

మా మనవరాలి మోపెడ్ ఆగిపోతే కంపెనీ వాళ్లిచ్చిన కాగితం ఒకటుంది; అది పట్టుకెళితే ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి బాగుచేసి ఇస్తాడు. ఎవరినీ అనుమానించనక్కర్లేదు, ఎవరి అరుగు మీదికీ తల వంచుకుని వెళ్లనక్కర్లేదు. మంచిదే. ఆ బండిని బాగుచేసింది అల్లుడేనని అమ్మ పోయేదాకా నమ్మింది, నేను అన్న ఆ మాటని బావగారు పోయేదాకా ఒక్కసారీ ఎత్తలేదు, అక్క కూడా వెళ్లిపోయింది. మొన్న మా ఆవిడ హెడ్‌లైటుకి బొట్టు పెడుతుంటే నాకు నవ్వొచ్చి, అలవాటు కొద్దీ బావగారి కోసం పక్కకి తిరిగాను, ఆ నవ్వు ఎందుకో తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు.