తిరిగొచ్చిన స్కాచ్ సీసా

ఇప్పుడంటే ఎవరికి కావల్సింది వాళ్లు తెచ్చుకుంటున్నారు గానీ, డెబ్బైల చివర్లో మేం అమెరికాలో ఈ నేపర్‌విల్ ఊరికి వచ్చినప్పుడు మన మగవాళ్ల గౌరవమంతా స్కాచ్ సీసాలోనే ఉండేది. గృహప్రవేశానికైనా పుట్టినరోజుకైనా అదే కానుక. నాలుగైదేళ్లు తిరిగేసరికి గుండె, కొలెస్ట్రాల్ అంటూ భయం పట్టుకుని అందరూ తెల్ల వైన్‌కీ లైట్ బీర్‌కీ మారిపోయారు. (రుచి బాలేదని ఒక్కరూ ఒప్పుకునేవారు కాదు.) స్కాచ్ కొనడం మానేశారు, ఉన్నవాటిని ఇంకొకరికి ఇవ్వడం మాత్రం మానలేదు.

నాకేమో ఇంట్లోకి కొత్త వస్తువేదొచ్చినా తిలకం బొట్టు పెట్టే అలవాటు. కారుకి పెట్టాను, వాక్యూమ్ క్లీనర్‌కి పెట్టాను. మీ తాతయ్యకెవరో ఇచ్చిన స్కాచ్ సీసాకీ కనపడకుండా అడుగున పెట్టాను. దాన్ని పైపు అన్నయ్యగారి గృహప్రవేశానికి ఇచ్చేశాం. (ఎప్పుడూ నోట్లో పైపు ఉండేది, అందుకని ఆ పేరు.) రెండు నెలలకే ఆయన గుండెపోటుతో పోయారు.

ఆ చలికాలం, మీ తాతయ్య పుట్టినరోజు మర్నాడు మధ్యాహ్నం, ఒక్కదాన్నే కూర్చుని కానుకలు విప్పుతున్నాను. బయటంతా మంచు, ఎక్కడా చప్పుడు లేదు. ఓ పెట్టెలోంచి స్కాచ్ సీసా వచ్చింది. తిరగేస్తే అడుగున నా బొట్టు. నేను పెట్టినట్టే, కాస్త వంకరగా.

ఒళ్లు జలదరించింది. పొద్దున మీ తాతయ్య ఛాతీ పట్టేసినట్టుందంటూనే ట్రైనెక్కి ఆఫీస్‌కి వెళ్లారు. (ముందురోజంతా వాకిట్లో మంచు పారతో తవ్వారు. ఆ సంగతి ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు.) అన్నయ్యగారు తోడు వెతుక్కుంటూ వచ్చారనే అనుకున్నాను. ఆఫీస్‌కి ఫోన్ చేస్తే సీట్లో లేరన్నారు. సీసా మొత్తం సింక్‌లో ఒంపేశాను. ఒంపుతున్న కొద్దీ ఆ వాసన ఇల్లంతా నిండి, అచ్చం అన్నయ్యగారే వచ్చి సోఫాలో కూర్చున్నట్టయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

అన్నయ్యగారి భార్య, వదినగారికి ఫోన్ చేశాను. ఆవిడ మామూలుగా, "అదా, నేనే డాక్టరుగారికిచ్చానమ్మా. ఆయనా ఇప్పుడు వైనే కదా, ఇంకెవరికో ఇచ్చుంటారు" అన్నారు. మళ్లీ ఆవిడే, "మీ అన్నయ్యగారు దాన్ని తెరవనేలేదు. ఎవరైనా ఇష్టంగా తాగితే బావుండనిపించింది. ఇంతకీ తాగారా?" అని అడిగారు.

సింక్ వైపు చూశాను. "తాగారు వదినగారూ. చుక్క మిగల్లేదు" అన్నాను.

సాయంత్రం మీ తాతయ్య మంచు దులుపుకుంటూ నిక్షేపంలా లోపలికొచ్చారు. పట్టుకుని ఏడ్చేశాను. ఆయన వాసన పీల్చి, నా ఎర్రకళ్లు చూసి, ఖాళీ సీసా చూసి, మెల్లగా, "మొత్తం ఒక్కదానివే తాగావా?" అన్నారు.

అవునన్నాను. వదినగారికి చెప్పిన మాట అబద్ధం కాకూడదు కదా. ఆ తర్వాత పార్టీల్లో నేను అల్లం సోడా, అదే జింజర్ ఏల్, పట్టుకున్నా మీ తాతయ్యొచ్చి ఓసారి గ్లాసు వాసన చూసి వెళ్లేవారు. ఆయన పోయాక కూడా నేను ఏది పోసుకున్నా వెంటనే తాగను. గ్లాసు కాసేపు అలా పట్టుకునే ఉంటాను.