గడియ పెట్టనివ్వని అవ్వ

మొన్న మంగళవారం పొద్దున పాలు పోసే మనిషి చెంబు దించకుండా మా వాకిట్లోనే నిలబడిపోయాడు. "పంతులమ్మా, అవ్వ పోయింది" అన్నాడు. ఏ అవ్వ అని నేను అడగలేదు. మేడ్చల్ నుంచి షామీర్‌పేట చెరువు దాకా ఉన్న పల్లెల్లో ఇంటికో అవ్వ ఉంటుంది కానీ, ముందూ వెనకా ఏమీ చేర్చకుండా అవ్వ అంటే అది ఒక్క మనిషే. ఈ పక్క పిల్లల బొడ్డు కోసిన మంత్రసాని అవ్వ. మా చిన్న లూథరన్ సంఘానికి మొదట చోటిచ్చిన అవ్వ. తెల్లవారుజామున నీళ్లు అడిగి తాగి, మళ్లీ పడుకుని, ఇక లేవలేదట. ఎంతోమందిని ఈ లోకంలోకి తెచ్చిన మనిషి ఎవరినీ కష్టపెట్టకుండా వెళ్లిపోయింది. అందుకు దేవునికి స్తోత్రం.

యుద్ధం మొదలైన ఏడు మా వారిని ఉపదేశిగా ఇటు పంపారు. ఆయన పల్లెలు తిరిగి వాక్యం చెప్పేవారు, నేను పిల్లలకు అక్షరాలు నేర్పేదాన్ని. మా మాట వినేవాళ్లు ఉన్నారు గానీ కూర్చోవడానికి చోటిచ్చేవాళ్లు లేరు. ఒక సాయంత్రం పెద్ద వాన వస్తే పల్లె చివర ఒక గొడ్ల కొట్టంలోకి పరుగెత్తాం. అక్కడ ఒక ముసలామె తొట్టి దగ్గర మోచేతుల దాకా చేతులు కడుక్కుంటోంది. ఎక్కడో కాన్పు చేసి అప్పుడే వచ్చిందని తర్వాత తెలిసింది. వాన వెలిసేదాకా ఊరుకోలేక మా వారు యేసు ప్రభువు పుట్టుక గురించి చెప్పారు. ఆమె చేతులు తుడుచుకోవడం ఆపి విన్నది.

"గొడ్ల కొట్టంల పుట్టిండా?"

"అవునమ్మా."

"మరి మంత్రసాని ఎవరు?"

మా వారు నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. "అది రాసి లేదమ్మా" అన్నాను నేను.

"రాయకుంటె లేకుండ బోతదా? ఎవరో ఒకామె ఉండే ఉంటది. పాపం, దాన్ని ఎవరు యాది జేస్తరు" అంది. తర్వాత కొట్టం నలుమూలలా చూసి, "గీ కొట్టం మీకు పనికొస్తదా పంతులూ? ఐతారం పూట గొడ్లను బయట కట్టేస్త" అంది.

మా సంఘం అట్లా, ఆదివారాల్లో, ఆ కొట్టంలోనే మొదలైంది. ఒక మూల పచ్చిగడ్డి, ఒక మూల మేము. దూడ ఒకటి మా కీర్తనలకు తప్పకుండా బదులిచ్చేది. కాన్పు చేసిన ఇంట్లో చీర పెడతామంటే అవ్వ, "చీర మీ కాడనే ఉంచుకోండ్రి, ఒక్క ఐతారం వచ్చి నా పక్కన కూసోండ్రి చాలు" అనేది. కొందరు నవ్వి ఊరుకునేవారు. కొందరు నిజంగానే వచ్చేవారు. పొత్తిళ్లలో పిల్లతో వచ్చిన తల్లులు చాలామంది మళ్లీ వచ్చారు, పెనిమిటిని వెంటబెట్టుకుని.

అవ్వకు చదువు లేదు. బాప్తిస్మానికి ముందు, అప్పుడప్పుడు రైలులో వచ్చే పాస్టరు అయ్యగారు ప్రశ్నలు అడుగుతూ, "నిన్ను పుట్టించినది ఎవరమ్మా?" అన్నారు. "నన్నేంది, అందర్ని పుట్టించేటోడు ఆయనే. జారకుండ పట్టుకునేదాన్ని నేను" అంది అవ్వ. అయ్యగారు నవ్వి పుస్తకం మూసేశారు.

ఆరాధనలో ఆమె ఎప్పుడూ ద్వారం దగ్గరే కూర్చునేది. పక్కన ఒక చిన్న మూట. అందులో పాత గుడ్డలు, దారం, ఆముదం సీసా, తేనె బుడ్డి. ఎవరైనా పిలవడానికి వస్తే ప్రార్థన మధ్యలోనైనా మూట తీసుకుని లేచేది. మొదట్లో నాకది కష్టంగా ఉండేది. పోనుపోను, ఆమె లేచి వెళ్లగానే మేమంతా ఆ తెలియని తల్లి కోసం ప్రార్థన చేయడం అలవాటైంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ పల్లెకు రెండు వాడలు, మధ్య ఒక వాగు. ఊరు రెండింటినీ ఒకేలా బయట ఉంచింది. అయినా వాగు ఇవతలి వాడవాళ్లు అవతలి వాడవాళ్ల నీళ్లు ముట్టరు. అవ్వది ఇవతలి వాడ. కాన్పులకు మాత్రం రెండు వైపులా వెళ్లేది. ఆమె వెనకాలే అవతలి వాడ కుటుంబాలు కూడా ఆరాధనకు రాసాగాయి. కొట్టం చాలక పక్కనే మట్టిగోడలు పెట్టుకున్నాం. రెండు వాడలవాళ్లూ కలిసి మట్టి తొక్కారు, కలిసే తాటి కమ్మలు కప్పారు. కొత్త గుడిలో మొదటిసారి ప్రభు రాత్రి భోజనం ఇవ్వడానికి అయ్యగారు ఆదివారం రైలుకు వస్తున్నారు. శనివారం నాడు ఇవతలి వాడ పెద్ద, నలభై దాటిన మనిషి, మరి కొందరితో వచ్చి గుడిలో కూర్చున్నాడు.

"పంతులూ, రెండు గిన్నెలు వెట్టుండ్రి" అన్నాడు.

ప్రభు భోజనంలో ద్రాక్షరసం గిన్నె ఒక్కటే. అందరూ దాన్నే పెదవులకు తాకిస్తారు. అయ్యగారు రెండింటికి ఒప్పుకోరని మా వారు చెప్పారు.

"గోడ కలిసి వెట్టినం, పాట కలిసి పాడుతున్నం. గోడకు ఎంగిలి లేదు, గిన్నెకున్నది. ఒక్క గిన్నె అంటే మా వాడ నుంచి ఎవ్వరం రాం."

ఒప్పుకుంటే ఒక గుడిలో రెండు సంఘాలు. ఒప్పుకోకపోతే సగం గుడి ఖాళీ. అవ్వ అప్పుడే ఎక్కడి నుంచో వచ్చి, అలవాటుగా ద్వారం దగ్గర చతికిలబడింది. అంతా విని, చిటికెన వేలు పైకెత్తింది.

"అరే, గీ వేలు ఎరుకేనా నీకు?"

"ఎరుకే అవ్వా" అన్నాడు అతను, ఎందుకో తెలియక.

"యాడి ఎరుక! కండ్లు తెర్వక ముందటి ముచ్చట. తేనెల ముంచి నీ నోట్ల వెట్టిన. చప్పరిచ్చుకుంట చప్పరిచ్చుకుంట ఇడువకపోతివి." పక్కవాళ్లు నవ్వారు. "అవతలి వాడల పోరగాండ్ల నోట్ల వెట్టింది గూడ గీ వేలే. రెండు వేళ్లు వెట్టుకోమని మీ నాయిన నాకు చెప్పలే మరి."

"నడుమ కడిగే ఉంటవు గదనే అవ్వా."

"ఎందుకు కడుగలే, కడిగిన. కడిగితె పొయ్యేదైతే అది మురికి బిడ్డా. దానికి ఇంత పరేషాన్ ఎందుకు?"

వాళ్లు ఒప్పుకోలేదు. తువ్వాళ్లు దులుపుకుని లేచి వెళ్లారు. అవ్వ చాలాసేపు గోడకు ఒరిగి కూర్చుంది. "రారేమో పంతులమ్మా" అంది. అంత చిన్న గొంతుతో ఆమె మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

ఆదివారం ఇవతలి వాడ వాళ్లు వచ్చారు గానీ లోపలికి రాక, వాకిట్లో నిలబడ్డారు. అవ్వ ఆనాడు ద్వారం దగ్గర కూర్చోలేదు. అవతలి వాడ కోడలు ఒకతె, తొలి కాన్పు అవ్వ చేతిమీదే జరిగినామె, ముందు మోకరించింది. అవ్వ వెళ్లి ఆమె పక్కనే, ఆమె తర్వాత తన వంతు వచ్చేటట్టు మోకరించింది. ఎండు ద్రాక్షలు నానబెట్టి నేనే తీసిన రసం అది. గిన్నె ఆ కోడలి పెదవులను తాకి అవ్వ దగ్గరకు వచ్చింది. అవ్వ రెండు చేతులతో పట్టుకుని తాగింది. అయ్యగారు గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డారు. అవ్వ పక్కన ఎవరూ లేరు. అప్పుడు వాకిట్లో నుంచి వాడ పెద్ద భార్య కొంగు సవరించుకుంటూ వచ్చి అవ్వ పక్కన మోకరించింది. ఆమె వెనక ఇంకొకామె, ఆ తర్వాత మరికొందరు.

సరిగ్గా అప్పుడే ఎవరో పరుగున వచ్చి, "అవ్వా, జల్దీ రా! నొప్పులు మొదలైనయి" అని అరిచారు. అవ్వ మూతి తుడుచుకుని లేచి, "అయ్యగారూ, నాకు రావల్సిన ఆశీర్వాదం ఆడికే పంపుండ్రి" అని చెప్పి వెళ్లిపోయింది. నవ్వూ కన్నీళ్లూ ఒకేసారి రావడం ఆనాడే చూశాను.

వాడ పెద్ద ఆరోజు తాగలేదు. మళ్లీసారి అయ్యగారు వచ్చినప్పుడు తాగాడు. ఆ తర్వాత గుడికి తలుపు చేయించే పని కూడా అతనే మీద వేసుకున్నాడు. వడ్రంగి గడియ బిగించబోతే అవ్వ ఒప్పుకోలేదు. "నన్ను పిల్వొచ్చినోళ్లు తలుపు కొట్టుకుంట నిలవడాల్నా? గడియ వద్దు" అంది. "గాలికి తెరుచుకుంటది గదనే" అంటే, "తెరుచుకోనీ, గాలి గూడ వినిపోతది" అంది. అందుకే మా గుడికి తలుపు ఉన్నది గానీ గడియ లేదు.

మంగళవారం మేము వెళ్లేసరికి, ఆనాడు ముందు మోకరించిన అవతలి వాడ కోడలు నీళ్ల కడవతో ముంగిట్లో నిలబడి ఉంది. చివరి స్నానానికి తమ బావి నీళ్లు పనికొస్తాయో రావో అని వెనకాడుతోంది. రెండేళ్లుగా అవ్వ ఆమెకే తన పని నేర్పుతూ వచ్చింది. వాడ పెద్ద ఆమెను చూసి, "నిలవడ్డవేంది బిడ్డా, లోపలికి తే" అన్నాడు. రెండు వాడల నీళ్లతో అవ్వకు స్నానం జరిగింది. రెండు వాడల భుజాల మీద ఆమె వాగు దాటింది.

ఆ వచ్చిన ఆదివారం నేను ముందుగానే వెళ్లి చాపలు పరిచాను. ద్వారం దగ్గరి చోట మాత్రం పరచకుండా వదిలేశాను. కోడలు అవ్వ మూట చంకన పెట్టుకుని వచ్చింది. ఆ చోటు దాటి లోపలికి పోబోతుంటే వాడ పెద్ద ఆపాడు.

"ఆడనే కూసో బిడ్డా, తలుపు కాడ. మా కోడలికి నెలలు నిండినయి. ఎప్పుడు పిలుస్తమో ఏమో."

ఆమె కూర్చుంది. మూట పక్కన పెట్టుకుంది. మేము పాట ఎత్తుకున్నాం. షామీర్‌పేట చెరువు వైపు నుంచి గాలి వచ్చి తలుపును మెల్లగా తోసింది. అందరం అటు తిరిగి చూశాం. ఎవరూ లేరు. ఎండ మాత్రం లోపలికి వచ్చి, మూటలో నుంచి పైకి కనబడుతున్న తేనె బుడ్డి మీద నిలిచింది.