మైకొచ్చినా తప్పని నడక

కౌతాళం దాటి ఏటి ఒడ్డునున్న ఆ పల్లెలో పంచాయతీ రేడియో చూసుకునేది మద్దయ్య. ఏటికి నీళ్లు వదులుతున్నారని వార్తల్లో రాగానే ఇంటింటికీ పోయి, మూటలు కట్టుకుని బడి కాడికి రమ్మని చెప్పడమూ ఆయన పనే. ఇరవై ఏళ్లుగా అదే తిరుగుడు. మోకాళ్లు అరిగిపోయాయి.

వరద కబురు ఊరంతా వినబడేలా కొత్త సెట్టూ మైకూ ఇస్తామని డెబ్బై ఆరులో సర్కారు చెప్పింది. మద్దయ్య అర్జీ పట్టుకుని ఆదోని ఆఫీసుకు పోయాడు. మంజూరైందన్నారు. మరుసటేడు పోతే ఫైలు కర్నూలులో ఉందన్నారు. ఆ పైయేడు మళ్లీ మంజూరైందన్నారు. ఒకే మైకును సర్కారు ఎన్నిసార్లు మంజూరు చేస్తుందో చూడాలంటే మద్దయ్యకున్నంత ఓపిక కావాలి. బస్సు దిగి కుంటుకుంటూ వచ్చిన ప్రతిసారీ అక్క హులిగమ్మతో ఒకటే మాట అనేవాడు, మైకొక్కటి వస్తే ఇక ఎవరి గడపా ఎక్కనని.

ఎనభై రెండులో వచ్చింది. చావడి మీద బిగించారు.

ఆ శ్రావణంలో ఒక పొద్దున మైకు మొదటిసారి వరద మాట చెప్పింది. ఇన్ని వేల క్యూసెక్కులు విడుదల చేస్తున్నారు, లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి అని. వార్తవార్తకూ చెప్పింది. మద్దయ్య అరుగు మీద హాయిగా కాళ్లు చాపుకున్నాడు. తీరా మధ్యాహ్నానికి చూస్తే, ఊరికి దిగువన నీళ్ల పక్కనే ఇండ్లున్న ఏటిగడ్డ నుంచి ఒక్క మనిషీ పైకి రాలేదు. ఆయన దిగ్గున లేచాడు. అక్క ఇల్లు ఆ గడ్డ మీదే, అన్నిటికంటే కింద.

పరుగు రాని కాళ్లతోనే పరిగెత్తాడు. నీళ్లు అప్పటికే గడపను తాకుతున్నాయి. హులిగమ్మ లోపల తీరిగ్గా జొన్నలు చెరుగుతోంది.

"మైకు ఇనపల్యాదా అక్కా?"

"ఇనపడిందిలేప్పా. సర్కారోల్లు యాడోల్లకో సెప్తాండారనుకుంటి. ఏరు మన మీదికొస్తే నువ్వొచ్చి సెప్తావు గదా. నువ్వు రాకపోతివి."

మద్దయ్యకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. ఆరేళ్లు తిరిగి తెచ్చుకున్నది ఇందుకా అనిపించింది. అక్కను భుజం పట్టి మెట్ట మీది బడికి చేర్చి, గోడకు ఆనుకుని కాసేపు కళ్లు మూసుకున్నాడు. చావడి మీద మైకు మళ్లీ అప్రమత్తంగా ఉండమంటోంది. గడ్డ మీద ఇంకా పదకొండు ఇండ్లవాళ్లు ఆయన వస్తాడని కూర్చున్నారు. మోకాళ్ల మీద చేతులు ఊనుకుని లేచి, కిందికి దిగాడు.