పళ్ళాయన కారుకి మేకప్

వీధంతా ఆయన్ని పళ్ళాయన అంటుంది. పళ్ళు అమ్మడు, పీకడు. కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. డాక్టరు రోగి నోటి అచ్చు తీసి పంపిస్తే, ఈయన తన ఇరుకు గదిలో కూర్చుని గులాబీ రంగు ముద్దతో చిగుళ్ళు చేసి, వాటిలో ఒక్కొక్క పన్నూ నాటి, అరగదీసి, మెరుగుపెట్టి పంపిస్తాడు. ఈ పనిలో ఒక చిక్కుంది. ఎంత బాగా కుదిరితే అంతగా ఎవరి కంటా పడదు. ఓ విందులో ఒక పెద్దావిడ తెగ నవ్వుతుంటే ఆనందం పట్టలేక, “అవి నేను చేసినవే!” అనేశాడు. ఆవిడ నవ్వూ ఆగింది, మాటలూ ఆగాయి.

ఆయనకో కారుంది. రెండు తలుపుల చిన్న ఎర్ర కారు. బావమరిది కొత్తది కొనుక్కుంటూ, “నీకంటే ఎక్కువా అక్కా!” అని పాతదాన్ని తెచ్చి వాకిట్లో పడేసి పోయాడు. ముందు దీపాలు పచ్చకామెర్లు పట్టినట్టున్నాయి. వెనక బంపరుకి తలదిండంత సొట్ట. లోపల పైకప్పు గుడ్డ ఊడి, నడిపేవాడి నెత్తిమీద ముసుగులా వేలాడుతోంది. మెకానిక్ చుట్టూ తిరిగి చూసి, “తూకానికిచ్చెయ్యండి సార్” అన్నాడు.

పళ్ళాయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. ఒక్క పన్ను కూడా లేని నోళ్ళను నవ్వించేవాడికి ఈ డబ్బా ఓ లెక్కా అనుకున్నాడు.

ఆదివారం రాగానే లుంగీ ఎగ్గట్టాడు. దీపాలకి టూత్‌పేస్టు దట్టంగా పట్టించి, తడిగుడ్డతో గుండ్రంగా రుద్దుతూ కూర్చున్నాడు. చేతులు పడిపోయాయి గానీ పచ్చదనం వదిలి అద్దాలు తళుక్కుమన్నాయి. భార్య గుమ్మంలో నిలబడి, “తోమడం అయిందా? పుక్కిలించమనండి మరి” అంది. ఆవిడ అద్దెబట్టల దుకాణంలో పనిచేస్తుంది. నోరు ఊరుకోదు.

తర్వాత బంపరు. సొట్టమీద మరిగే నీళ్ళు పోసి, బాత్‌రూమ్ తూము పూడితే వాడే రబ్బరు కప్పు కర్రని దానికి అదిమి బలంకొద్దీ లాగాడు. సొట్ట టప్పుమని బయటికొచ్చింది. పళ్ళాయన వెనక్కెళ్ళి బకెట్లో కూలబడ్డాడు. అందులోంచి లేవకుండానే, “చూశావా!” అని అరిచాడు.

“చూశాను. సొట్ట కారుకి పోయి మీకొచ్చింది” అంది ఆవిడ.

పైకప్పు గుడ్డని గుండుసూదులతో గుచ్చి నిలబెట్టాడు. కారు ఒంటిమీద రంగు లేచిన గీతల దగ్గర మాత్రం ఇంట్లో యుద్ధమే అయింది. భార్య గోళ్ళరంగు అచ్చం కారు రంగే. సీసా సగమయ్యాక ఆవిడ కనిపెట్టింది. “నా గోళ్ళకి లేని భోగం ఈ మాయదారి దానికా?” అని కుంచె లాక్కుంది. లాక్కున్నదల్లా మళ్ళీ వంగి చూసి, “ఇక్కడ బుడగలొచ్చాయి, పల్చగా వెయ్యాలి” అంటూ తానే రెండు గీతలు కప్పి ఇచ్చింది.

మిగిలింది ఎడం తలుపు కింద తుప్పు తినేసిన కన్నం. పళ్ళాయన తన వృత్తి ధర్మం ప్రకారం చిగుళ్ళ ముద్ద కలిపి, ఆ కన్నం నిండా కూరాడు. పైన ఎర్రరంగు పూశాడు. మర్నాటికి ముద్ద రాయిలా బిగిసింది. దాంతోపాటు తలుపూ బిగిసింది. ఎంత గుంజినా ఊడి రాలేదు.

“మంచిదే, ఇంక వాన నీళ్ళు లోపలికి రావు” అన్నాడు.

“నేనూ రాలేను” అంది ఆవిడ.

ఇంత చేసినా వీధిలో ఒక్కడంటే ఒక్కడు ఆ కారు వంక తలతిప్పి చూడలేదు. పళ్ళాయన కావాలనే సాయంత్రాలు దాన్ని తుడుస్తూ నిలబడేవాడు. జనం ఆయన్ని పలకరించి, కారుని దాటుకుని పోయేవారు.

ఒకనాడు పొద్దున లేచేసరికి వాకిట్లో కారు లేదు.

“పాపం, ఎవడో కళ్ళు కనిపించనివాడు” అంది భార్య. అన్నదే గానీ చెప్పులేసుకుని ఆయనకంటే ముందు పరిగెత్తింది.

ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది. వీధి చివర బేకరీ ముందు జనం మూగి ఉన్నారు. మధ్యలో కారు పెట్రోలు అయిపోయి ఆగి ఉంది. లోపల బొజ్జా, మీసాలూ ఉన్న ఒక నడివయసు దొంగ చెమటలు కక్కుతూ కూర్చున్నాడు.

ఆ కారుకి కుడి తలుపు లోపలినుంచి తెరుచుకోదు. పళ్ళాయన ఎప్పుడూ అద్దం దించి, చెయ్యి బయటికి చాచి తెరుచుకునేవాడు. అద్దం దించే పిడి ఊడిపోతూ ఉంటుంది కాబట్టి జేబులో వేసుకు తిరుగుతాడు. పైపై మెరుగుల ధ్యాసలో ఇలాంటి కనబడని పనుల జోలికి పోలేదు. ఎడం తలుపు సంగతి సరే సరి.

“తలుపు తియ్యన్నా, ఊపిరాడట్లేదు!” అన్నాడు దొంగ అద్దం వెనకనుంచి.

“తియ్యకండి, పోలీసులొస్తున్నారు” అన్నాడు బేకరీ యజమాని.

పళ్ళాయన అద్దానికి మొహం ఆనించాడు. “ఇన్ని కార్లుండగా నాదే ఎందుకు ఎత్తావయ్యా?”

“కొత్తదనుకున్నా అన్నా.”

పళ్ళాయన మొహం విప్పారింది. “ఏవైపునుంచి చూశావు?”

“ముందునుంచి. ఆ లైట్లు ఎంత తళతళలాడుతున్నాయనీ!”

“మరి వెనక బంపరు?”

“దానికేమన్నా! చిన్న సొట్ట కూడా లేదు.”

“ఏవండీ, ఇంకో ముక్క పొగిడాడంటే వాడికి కాఫీ పెట్టించేలా ఉన్నారు” అంది భార్య.

దొంగ అప్పటికే స్క్రూడ్రైవరుతో తలుపు లోపలి అట్ట ఊడదీసి, దాని పేగులన్నీ బయటపెట్టాడు. “ఇదిగోన్నా, కడ్డీ కొక్కెంలోంచి జారిపోయింది” అన్నాడు. పళ్ళాయనకి దొంగతనం మాట మరుపుకొచ్చింది. “అలా కాదు, కిందికి వంచు. ఇంకాస్త. ఇప్పుడు తొయ్యి!” అని బయటనుంచి చెబుతుంటే, దొంగ లోపలనుంచి చేశాడు. కొక్కెం నిలవడానికి నెత్తిమీది గుండుసూది ఒకటి పీకి అడ్డంగా గుచ్చాడు. తలుపు టక్కున తెరుచుకుంది.

“అయిపోయిందన్నా!” అన్నాడు దొంగ. ఆ మాటతోనే జనం మధ్యనుంచి దూసుకుపోయాడు. భార్య చెప్పు విసిరింది. అది బేకరీ యజమానికి తగిలింది. పళ్ళాయన మాత్రం లోపల కూర్చుని తలుపు వేస్తూ, తీస్తూ ఉన్నాడు.

పోలీసాయన వచ్చి, “ఏం పోయాయి?” అన్నాడు.

“ఏమీ పోలేదండీ. తలుపు బాగైంది.”

“మనిషెలా ఉన్నాడు?”

“కిందివరసలో ముందు పళ్ళు రెండు లేవు. పైవరస గట్టిదే” అన్నాడు పళ్ళాయన. ఇంకేమీ గుర్తులేవు.

పోలీసాయన తల పట్టుకుని, కారు చుట్టూ ఓసారి తిరిగాడు. బంపరు దగ్గర ఆగి, వేళ్ళతో తడిమి, గొంతు తగ్గించి, “ఇక్కడి సొట్ట మీరే తీశారా? మా ఇంటి బండికి ఇలాంటిదే ఉంది. గేటుకి కొట్టాను. ఇంట్లో ఇంకా తెలీదు” అన్నాడు.

తర్వాతి ఆదివారానికి ఆ బండి పళ్ళాయన వాకిట్లో ఉంది. దాని వెనక బేకరీవాళ్ళ వ్యాను నిలబడింది. నీళ్ళు మరుగుతుండగా భార్య కొంగు బిగించి పోలీసాయన తెచ్చిన రంగుడబ్బా మూత తీసి చూసింది.

“ఇది మీ బండి రంగు కాదు” అంది. “ఎండలో పెట్టి చూసుకోరూ? వెళ్ళి మార్చుకురండి.”

పోలీసాయన డబ్బా పట్టుకుని వెళ్ళాడు.