అప్పయమ్మ వీలునామాలో ఒక్క మాట

ముప్పై నాలుగేళ్ళు గూడ్సు బండికి గార్డుగా చేసినవాణ్ణి. పచ్చజెండా ఊపే ముందు అన్నీ రెండుసార్లు చూసుకునేవాణ్ణి. అప్పయమ్మ వీలునామా దగ్గర ఆ జాగ్రత్త ఏ గంగలో కలిసిందో! సాక్షి సంతకానికి పిలిస్తే, కాగితం ముందుగా చదవకుండానే వెళ్ళి కూర్చున్నాను.

అప్పయమ్మది ఈ హిందీ ఊళ్ళో, సిర్గిట్టి పేటలో మా పక్క ఇల్లు. రిటైరయ్యాక కట్టుకున్న రెండు గదులు, చిన్న వరండా. మా అందరిలాగే శ్రీకాకుళం వైపు నుంచి పట్టాల పనికి వచ్చిన కుటుంబం. భర్త అప్పలకొండ యార్డులో డ్యూటీ మీద ఉండగా పోతే, ఆవిడకి రైల్వే ఆస్పత్రిలో ఆయా పని ఇచ్చారు. ఆవిడ నోటికి డాక్టర్లే జడిసేవారు. గోల్ బజార్‌లో ఆవిడతో బేరమాడి గెలిచిన కొట్టువాణ్ణి నేను చూడలేదు.

ఆ ఉద్యోగం వచ్చేనాటికి ఇంట్లో మంచం పట్టిన అత్తగారు. చెల్లెలు చిన్నతల్లి అక్క క్వార్టర్లోనే ఉండి కాలేజీకి వెళ్తోంది. "ఈ ఒక్క ఏడాదీ సదువు మానీవే, అత్తని సూసుకో. మళ్ళీ ఏడు సేరుదువు గాని" అంది అప్పయమ్మ. ఆ ముసలావిడ పదకొండేళ్ళు బతికింది. చిన్నతల్లి మళ్ళీ కాలేజీ గుమ్మం తొక్కలేదు, పెళ్ళీ చేసుకోలేదు. నలభై అయిదేళ్ళుగా అక్కాచెల్లెళ్ళది ఒకే కప్పు, ఒకే పొయ్యి. ఆ సంగతి మాత్రం ఇద్దరిలో ఒక్కరూ ఎత్తరు.

మొన్న ఎండాకాలం అప్పయమ్మ గుండెనొప్పితో నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంది. ఇంటికొచ్చిన మర్నాడే నన్ను పిలిచింది.

"అన్నయ్యా, నా తర్వాత ఈ ఇంట్లో చిన్నతల్లి ఉన్నన్నాళ్ళూ ఉంతాది. దాని తర్వాత ఇక్కడి యూనివర్సిటీకి రాసేత్తాను. ఇంటి పని మీద పడి సదువు మానేసిన ఆడపిల్లలుంతారు కదా, ఆళ్ళని మళ్ళీ సేర్పించడానికి."

"మంచి పని. చిన్నతల్లితో చెప్పావా?"

"నోరు రాలేదు. కాగితం మీద రాయిత్తే, సదివినప్పుడు అదే ఇంతాది."

నా మనవరాలు తనూజ కోర్టులో ఒక వకీలు దగ్గర జూనియరు. తెలుగు మాట్లాడుతుంది గాని, వాక్యం సగంలో హిందీ పట్టాల మీదికి మారిపోతుంది. అప్పయమ్మ చెప్తూంటే అది హిందీలో రాసుకుంది. ఈ దానం ఎందుకిస్తున్నారని అడిగితే, అప్పయమ్మ చెల్లెలికి వినపడకుండా గొంతు తగ్గించింది.

"నాను చిన్నతల్లికి ఇచ్చిన శిక్షకి గుర్తుగా" అంది.

"అచ్ఛా, అచ్ఛా" అంటూ తనూజ రాసేసుకుంది.

ఆదివారం పొద్దున్న వాళ్ళ వరండాలో కూర్చున్నాం. సాక్షులం నేనూ తనూజా. చిన్నతల్లి టీలు ఇచ్చి గడప మీద కూర్చుంది. తనూజ హిందీలో చదువుతూ ఒక్కో వాక్యానికీ తెలుగు చెప్తోంది. ఇల్లు యూనివర్సిటీకి అన్నప్పుడు చిన్నతల్లి అక్క వైపు ఆశ్చర్యంగా చూసింది. తర్వాతి వాక్యం తనూజ మహా గర్వంగా చదివింది.

"అప్పయమ్మ తన చెల్లెలికి ఇచ్చిన చదువుకి గుర్తుగా ఈ దానం."

"ఏటీ?" చిన్నతల్లి లేచి నిలబడింది. "ఎవలిచ్చిన సదువు? ఎవలికి?"

"ఇదిగో అమ్మమ్మా, శిక్షా అని రాసుంది. ఆవిడే చెప్పింది."

"ఓలప్పా! నన్ను సదివించేవా నువ్వు? నలభై అయిదేళ్ళు నోరు మూసుకుని పడున్నాను కదా అని, ఆ సదువుకున్నోళ్ళందరికీ ఇలాగ సెప్పుకుంతావేటి? సిగ్గు నేదేటి నీకు?"

అప్పుడు వెలిగింది నాకు. ఓరి దేవుడా! హిందీ శిక్షా అంటే చదువు. మన శిక్ష వేరు! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ రెండు భాషల్లో బతుకుతున్న ముసలి వెధవని, ఈ మాట మనవరాలికి ముందే చెప్పొద్దూ? సర్దిచెబుదామని నోరు తెరిస్తే అప్పయమ్మ చెయ్యెత్తి ఆపింది.

"నువ్వుండన్నయ్యా. ఇది నాను సెప్పాల." చెల్లెలి వైపు తిరిగింది. "సదువు కాదే. శిక్ష. మన శిక్ష. ఏ తప్పూ సెయ్యని నీకు నాను ఏసినది. ఒక్క ఏడాదని సెప్పి నీ సదువు తీసీసేను. మళ్ళీ ఏడు ఎక్కడ అడుగుతావో అని జడిసేను. నువ్వడగలేదు. బతికిపోయేన్రా బాబూ అనుకున్నాను. అదే నా పాపం."

అంత నోరున్న మనిషీ చిన్నపిల్లలా ఏడ్చింది. తనూజకి అప్పటికి సంగతి అర్థమై, బిక్కమొహం వేసుకుని కూర్చుంది. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోవడం దేనికి?

"నాను అడిగుంటే ఒప్పుకుందువా?" అంది చిన్నతల్లి.

"నేదు. ఒప్పుకోకపోదును."

చిన్నతల్లి తల ఊపింది. కోపం పోయిందని నేననను. కానీ వచ్చి పక్కన కూర్చుని, కొంగుతో అక్క మొహం తుడిచింది. తర్వాత తనూజని పిలిచింది.

"ఒలే, ఆ మాట కొట్టీ. మీ శిక్షా వద్దు, మా శిక్షా వద్దు. నా పేరు రాయి. చిన్నతల్లి, బీయస్సీ ఫస్టియర్, రోల్ నంబరు అరవై మూడు."

"ఆ నంబరు ఇంకా గ్యాపకం ఉందేటే నీకు?" అంది అప్పయమ్మ.

"మర్సిపోడానికి, దాని తర్వాత ఇంకో నంబరు ఇచ్చేరేటి నాకు?"