కండక్టరమ్మ వంటగది తివాచీ

వీధిలో అందరూ ఆమెను కండక్టరమ్మ అనే పిలుస్తారు. కోడలికి బస్సుల్లో ఉద్యోగమేమిటని మామగారు ఎంత గింజుకున్నా, మాట నెగ్గించుకుని బస్సెక్కిన మనిషి. పొద్దస్తమానం కిక్కిరిసిన బస్సులో నిలబడడం, ఇంటికొచ్చాక పొయ్యి ముందు మళ్లీ నిలబడడం. నలభై దాటేసరికి మడమలు మొరాయించాయి. మంచం దిగి మొదటి అడుగు వేస్తే ప్రాణం జివ్వుమనేది.

"గట్టి నేల మీద అంతసేపు నిలబడకమ్మా, కింద ఏదైనా మెత్తగా వేసుకో" అంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రమే వంటగదికి తివాచీ కొంటానంది. గడియారాలు బాగుచేసే భర్త తలెత్తకుండానే, "వంటింట్లో తివాచీ ఏమిటే? నలుగురూ నవ్విపోతారు" అన్నాడు. పక్క సందులో ఉండే ఆడపడుచు ఆ నలుగురి కోసం ఆగలేదు. "మహారాణిగారు పాదాలు కందకుండా గిన్నెలు తోముతారు కాబోలు!" అని పకపకా నవ్వింది.

"అవును వదినా, తోముతాను" అని కండక్టరమ్మ సంచీ తీసుకుని బజారుకు బయలుదేరింది.

పంతం మీద కొన్నది కదా, తగనిదే కొన్నది. నిమిరితే పిల్లి వీపులా ఉన్న దళసరి తివాచీ తెచ్చింది. అది పరిస్తే వంటగది తలుపు సగమే తెరుచుకుంది. చిందిన నూనెనంతా తాగి జిడ్డోడింది. చివరికి తడి గచ్చు మీద సర్రున జారి, ఆమెనూ చేతిలోని పాలగిన్నెనూ కలిపి పడేసింది. మోచెయ్యి బూరెలా వాచింది. పరామర్శకొచ్చిన ఆడపడుచు ముఖంలో విచారం కన్నా వెలుగే ఎక్కువ.

"చెబితే విన్నావా?"

"తివాచీ మంచిదే వదినా. నాకే ఏరుకోవడం రాలేదు. ఈసారి వస్తుంది."

ఈసారి తలుపు తిరిగే మేర వదిలి, పొయ్యి గట్టు పొడవునా దారంతో కొలుచుకుని వెళ్లింది. కొట్లో చెప్పులు విప్పి, ఒక్కొక్కదాని మీదా ఎక్కి నిలబడింది.

"అమ్మా, అలా తొక్కితే ఎలా?" అన్నాడు కొట్టాయన.

"నేను కొనేదే తొక్కడానికి."

చదునుగా నేసిన ముదురు రంగు నూలు తివాచీ కుదిరింది. ఉతకడానికి వీలైనది. జారకుండా అడుగున వేసే రబ్బరు వల కూడా తీసుకుంది. ఇంట్లో పరిచి నాలుగు మూలలా కాలితో నెట్టి చూసింది. కదల్లేదు. ఆ పూట గట్టు పట్టుకోకుండానే వంట ముగించింది. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, తగ్గింది.

ఒకనాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి వంటగది నేల బోసిగా ఉంది. తివాచీ వీధి గుమ్మంలో పడి ఉంది, నిండా బురద కాళ్ల ముద్రలు.

"అక్క వేసింది. ఇక్కడైతే బాగుంటుందని..." భర్త నసిగాడు.

ఆమె దాన్ని శుభ్రంగా ఉతికి పిట్టగోడ మీద ఆరేసి, కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చుంది.

"అది ఆరేదాకా నేను పొయ్యి దగ్గర నిలబడను."

"మరి వంట?"

"మీరున్నారుగా. గచ్చు ఎక్కడికీ పోలేదు."

ఆకాశం చూస్తే మబ్బు. కూర్చుని పనిచేసే మనిషికి నిలబడి వండడమంటే ఏమిటో తెలిసొచ్చింది. మర్నాటికి కొంగలా ఒంటికాలి మీద నిలబడి రెండో పాదం రుద్దుకుంటున్నాడు. మధ్యమధ్యలో వెళ్లి తివాచీని తడిమి, "ఇంకా ఆరలేదే" అని నిట్టూర్చాడు.

అప్పుడే ఆడపడుచు వచ్చింది. తమ్ముడి చేతిలో గరిటె చూసి నోరు తెరవబోయింది.

"అక్కా, గుమ్మంలోకి ఏం కావాలన్నా తెచ్చి వేసుకో. ఆ తివాచీ జోలికి మాత్రం రాకు" అన్నాడు ఆయన. అక్క మాటకు ఆయన ఎదురు చెప్పడం అదే మొదలు. ఆమె మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. ఇప్పటికీ వస్తే ఆ తివాచీ తొక్కకుండా అంచు వెంబడే నడుస్తుంది. కండక్టరమ్మ పట్టించుకోదు.

తర్వాతి జీతానికి గిన్నెలు తోమే చోటికి ఇంకోటి కొన్నది. పసుప్పచ్చది.

"మరకలు కనబడతాయమ్మా" అన్నాడు కొట్టాయన.

"కనబడనీ. నాకు ఆ రంగు ఇష్టం" అని చుట్టి చంకన పెట్టుకుంది.